విజ్ఞాన వీచిక: దాత పాలెంత? గ్రహీత పాలెంత?



గత సంచికలో టర్బైన్ బేరింగుల ప్రకంపనలను కొలిచే పద్ధతుల గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి యంత్రాన్ని విడిచి మానవ దేహంలోకి ప్రవేశిద్దాం. అయితే కొలత మాత్రం మనల్ని విడిచిపెట్టదు.

ఈ వ్యాసానికి ప్రేరణ మన టౌన్‌షిప్‌లోనే లభించింది. ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసే ఒక సీనియర్ టెక్నీషియన్ ఒక ఆదివారం ఉదయం మా క్వార్టరుకు వచ్చారు. ఆయన కుమారుడికి ఏడేళ్లు. పుట్టిన ఏడాదిలోపే థలసీమియా అని తేలింది. మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకుంటూ పెరిగిన ఆ పసివాడికి, పదకొండేళ్ల అక్క ఎముక మజ్జ నుండి మూలకణాలను తీసి మార్పిడి చేశారు. నెల గడిచింది. ఆయన చేతిలోని నివేదికలో ఒకే ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: "డోనర్ కైమెరిజం – 92 శాతం".

"సార్, మీటరు వంద చూపవలసిన చోట తొంభై రెండు చూపితే ఎనిమిది శాతం ఎర్రర్ అంటాం. మరి ఈ ఎనిమిది ఎక్కడికి పోయినట్టు?" అని అడిగారు. వెంట ఆయన కుమార్తె కూడా ఉన్నది. ఆ బాలికకు ఉత్సాహం కలిగించాలనే ఉద్దేశంతో నేను తొందరపడి, "తొంభై రెండంటే డిస్టింక్షన్ కదమ్మా! బాగా ఇచ్చావు" అన్నాను. ఆ మాట ఎంత పొరపాటో నాకు అయిదు నెలల తరువాత గాని తెలియలేదు. ఆ మిత్రుడి అనుమతితో, పేర్లు లేకుండా, ఆ శాతం వెనుక ఉన్న శాస్త్రాన్నీ, నా పొరపాటునూ మీ ముందుంచుతున్నాను.

కైమెరా అనగానేమి?

గ్రీకు పురాణాలలో సింహపు శిరస్సు, మేక దేహం, సర్పపు తోక గల ఒక వింత జంతువు ఉన్నది. దాని పేరు కైమెరా. మనకూ ఇటువంటి కల్పనలు కొత్త కావు. దక్షిణ భారత దేవాలయ స్తంభాలపై సింహపు దేహానికి ఏనుగు తొండం అతికిన యాళి శిల్పాలను చూడనివారుండరు. ఒకే దేహంలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులకు చెందిన కణాలు కలిసి జీవించే స్థితికి శాస్త్రజ్ఞులు ఆ గ్రీకు జంతువు పేరు మీదుగా కైమెరిజం అని పేరు పెట్టారు. శిల్పంలో సింహం ఎక్కడ ముగిసిందో, ఏనుగు ఎక్కడ మొదలైందో కంటికి కనబడుతుంది. రక్తంలో అలా కనబడదు. అక్క కణమూ, తమ్ముడి కణమూ సూక్ష్మదర్శిని కింద ఒకే తీరుగా ఉంటాయి. అందుకే ఈ కొలత అవసరమైంది.

మార్పిడికి ముందు శక్తివంతమైన మందులతో, కొన్ని సందర్భాలలో రేడియేషన్‌తో, రోగి మజ్జను ఖాళీ చేస్తారు. తరువాత దాత మూలకణాలను మామూలు రక్తం ఎక్కించినట్లే సిర ద్వారా ఎక్కిస్తారు. ఆ కణాలు తమంత తామే దారి వెతుక్కుంటూ ఎముకలలోని మజ్జకు చేరి అక్కడ స్థిరపడతాయి. సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలలో కొత్త తెల్లకణాలు రక్తంలో కనబడతాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల సంఖ్య వరుసగా మూడు రోజులు మైక్రోలీటరుకు 500 దాటితే "అంటు పట్టుకున్నది" అంటారు. మామిడి అంటు కట్టే రైతు వాడే మాటే ఇక్కడా వర్తిస్తుంది.

అయితే ఈ సంఖ్య కణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది గాని, ఎవరివో చెప్పదు. పూర్తిగా నశించిందనుకున్న పాత మజ్జ తిరిగి చిగురించినా సంఖ్య పెరుగుతుంది. చిగురించినది అంటు కొమ్మా, పాత మొద్దా? కైమెరిజం పరీక్ష సమాధానం చెప్పే ప్రశ్న ఇదే.

ఎవరి కణాలన్న ప్రశ్నకు చరిత్ర

1945లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రే ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు కవల దూడల రక్తాన్ని పరీక్షించి, ఒక్కొక్క దూడలో రెండు రకాల ఎర్రకణాలు ఉన్నట్లు గమనించాడు. గర్భంలో వాటి రక్తనాళాలు కలిసిపోవడం వల్ల ఒకదాని కణాలు మరొకదానిలో చేరి, జీవితాంతం నిలిచిపోయాయి.

తీవ్ర రేడియేషన్‌కు గురైన ఎలుకలకు మజ్జ ఎక్కిస్తే బతుకుతున్నాయని 1951 నాటికి తెలిసింది. మజ్జలోని ఏదో రసాయనం ఎలుక సొంత కణాలను మేల్కొలుపుతున్నదా, లేక ఎక్కించిన కణాలే పెరుగుతున్నాయా అన్న వివాదం కొన్నేళ్లు సాగింది. 1956లో ఇంగ్లండులోని హార్వెల్‌లో ఛార్లెస్ ఫోర్డ్ బృందం, గుర్తుపట్టదగిన ప్రత్యేక క్రోమోజోము గల ఎలుకల నుండి మజ్జ తీసి ఎక్కించి, తరువాత గ్రహీత ఎలుకలలో ఆ క్రోమోజోము గల కణాలే విభజన చెందుతున్నట్లు చూపింది. వివాదం ముగిసింది. నేటి కైమెరిజం పరీక్షలకు మూలపురుషుడు ఆ ప్రయోగమే అనవచ్చు.

మనవంటి సాంకేతికులకు ఆసక్తి కలిగించే ఘట్టం మరొకటున్నది. 1958 అక్టోబరు 15న యుగోస్లావియాలోని వించా పరిశోధనా రియాక్టరు అదుపు తప్పి ఆరుగురు తీవ్ర రేడియేషన్‌కు గురయ్యారు. వారిని పారిస్‌కు తరలించగా జార్జ్ మాతే బృందం అయిదుగురికి ఇతరుల మజ్జను ఎక్కించింది. వారిలో ఒకరు మరణించారు, తక్కినవారు కోలుకున్నారు. దాతల ఎర్రకణాలు వారి రక్తంలో కొంతకాలం కనబడి, క్రమంగా కనుమరుగయ్యాయి. సొంత మజ్జ తిరిగి పనిచేయనారంభించింది. వారిని బ్రతికించింది ఆ అంటేనా అన్న విషయంపై తరువాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. దాత కణాల రాకపోకలను కొలవకపోయి ఉంటే ఆ చర్చకే ఆధారం ఉండేది కాదు.

మజ్జ మార్పిడిని ఒక చికిత్సగా నిలబెట్టిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలోను, 1986లో వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కళాశాలలోను ఈ చికిత్స ప్రారంభమైంది.

కొలిచే పద్ధతి

తొలినాళ్లలో రక్తపు గ్రూపు తేడాను ఆధారం చేసుకునేవారు. దాత స్త్రీ, గ్రహీత పురుషుడు అయితే, లేదా అందుకు విపర్యయమైతే, ఎక్స్, వై క్రోమోజోములను బట్టి కణాలను లెక్కించేవారు. ఇద్దరూ ఒకే లింగానికి, ఒకే రక్తపు గ్రూపుకు చెందినవారైతే ఈ పద్ధతులు పనికిరావు.

1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఎ. వేలిముద్రలను కనుగొనడంతో దారి సుగమమైంది. మన దేశంలో ఆ విద్యకు పునాది వేసినది హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ అన్న సంగతి తెలుగువారికి విదితమే. న్యాయస్థానంలో నేరస్థుని గుర్తించే విద్యే ఆసుపత్రిలో దాత కణాన్ని గుర్తిస్తున్నది.

మన డి.ఎన్.ఎ.లో కొన్ని చోట్ల నాలుగు అక్షరాల చిన్న పదం ఒకటి, పాటలో పల్లవి వలె, పదే పదే వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ప్రతి చోటా మనకు రెండు లెక్కలు ఉంటాయి: తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి. ఉదాహరణకు ఒకచోట తమ్ముడి లెక్కలు 12, 15. అక్క లెక్కలు 12, 17 అనుకుందాం. 12 ఇద్దరికీ సమానం గనుక దానిని వదిలివేస్తారు. 15 తమ్ముడికి గుర్తు, 17 అక్కకు గుర్తు. మార్పిడి తరువాత తీసిన రక్తంలోని డి.ఎన్.ఎ.ను పి.సి.ఆర్. పద్ధతిలో పెంచి యంత్రంలో నడిపితే, ఒక్కొక్క లెక్కకు ఒక్కొక్క శిఖరం వస్తుంది. 17 శిఖరపు వైశాల్యం 4,600, 15 శిఖరపు వైశాల్యం 400 అయితే మొత్తం 5,000లో దాత పాలు 92 శాతం. ఇటువంటివి అనేక చోట్ల కొలిచి సగటు తీస్తారు.

ప్రతి పరికరానికీ ఉన్నట్లే దీనికీ పరిమితులున్నాయి. డి.ఎన్.ఎ.ను పెంచే క్రమంలో అప్పుడప్పుడు ఒక ఆవృత్తి జారిపోయి, అసలు శిఖరం పక్కనే ఒక చిన్న దొంగ శిఖరం వస్తుంది. గ్రహీత శిఖరం సరిగ్గా ఆ స్థానంలోనే ఉంటే, అది నిజమో నీడో తేల్చలేం. అందువల్ల ఆ చోటును విడిచి మరొక చోటును ఎన్నుకుంటారు. ఈ పద్ధతిలో నూటికి ఒకటి నుండి అయిదు వరకు ఉన్న కణాలు పట్టుబడతాయి; అంతకన్న తక్కువైతే కనబడవు. రియల్ టైమ్ పి.సి.ఆర్., డిజిటల్ పి.సి.ఆర్. వంటి తరువాతి పద్ధతులు వెయ్యింటిలో ఒక కణాన్ని కూడా పట్టగలవు. కాబట్టి నివేదికలో "100 శాతం దాత" అని ఉన్నా, "ఈ పరికరం చూడగలిగినంత మేరకు" అన్న షరతు అందులో ఇమిడి ఉంటుంది. లీస్ట్ కౌంట్ తెలిసిన మన టెక్నీషియన్ మిత్రుడికి ఈ సంగతి వివరించనవసరం లేకపోయింది.

ఒకే అంకె, వేర్వేరు అర్థాలు

ఇక 92 సంగతికి వద్దాం. రక్తం ఒకే రకపు కణాల ద్రావణం కాదు. న్యూట్రోఫిల్ కణం రక్తంలో దాదాపు ఒక రోజు మాత్రమే ఉంటుంది. వ్యాధినిరోధక వ్యవస్థకు సైనికుల వంటి టి-కణాలు ఏళ్ల తరబడి జీవించగలవు. కొత్త మజ్జ నుండి న్యూట్రోఫిల్స్ అన్నీ అక్కవే వస్తున్నా, తమ్ముడి పాత టి-కణాలు కొన్ని మందులను తట్టుకొని మిగిలి ఉండవచ్చు.

లెక్క సులభంగా ఉండటానికి ఇతర కణాలను పక్కన పెడదాం. నమూనాలో 80 పాళ్లు న్యూట్రోఫిల్ తరగతివి, 20 పాళ్లు టి-కణాలు అనుకోండి. మొదటివన్నీ అక్కవే, రెండవ వాటిలో 60 శాతం మాత్రమే అక్కవి. అప్పుడు 80కి 12 కలిపితే 92. అంటే మొత్తం మీద 92 అని కనబడినా, సైన్యంలో నూటికి నలభై మంది పాత రాజు వైపే ఉన్నారన్నమాట! ట్యాంకు పైభాగం నుండి నమూనా తీసి అడుగున ఏమున్నదో చెప్పలేనట్లే, మొత్తం రక్తపు శాతాన్ని చూసి టి-కణాల స్థితిని చెప్పలేం. అందుకే చాలా కేంద్రాలలో కణాలను తెగలవారీగా వేరుచేసి విడివిడిగా కొలుస్తారు. గ్రహీత టి-కణాలు బలపడితే అంటును తిరస్కరించే ప్రమాదం ఉంటుంది.

వ్యాధిని బట్టి కూడా అర్థం మారుతుంది. లుకేమియా రోగిలో గ్రహీత కణాలు పెరగడం, పాత వ్యాధి తిరిగి వస్తున్నదనేందుకు ముందస్తు హెచ్చరిక కావచ్చు. అటువంటప్పుడు వైద్యులు నిరోధకశక్తిని అణిచే మందులను తగ్గించడమో, దాత లింఫోసైట్లను మళ్లీ ఎక్కించడమో ఆలోచిస్తారు. ఈ రెండవ పద్ధతి ఫలితాలను మ్యూనిక్‌కు చెందిన కోల్బ్ బృందం 1990లో ప్రకటించింది. దానివల్ల దాత కణాలు రోగి దేహంపైనే దాడి చేసే ప్రమాదమూ ఉన్నది గనుక ఆ నిర్ణయం తేలిక కాదు. పైగా కైమెరిజం పరీక్ష కణం ఎవరిదో చెబుతుందే తప్ప, అది వ్యాధి కణమో కాదో చెప్పదు. దానికి వేరే పరీక్షలు కావాలి.

థలసీమియాలో పరిస్థితి వేరు. అక్కడ కావలసింది మంచి ఎర్రకణాలు. వ్యాధిగ్రస్తమైన ఎర్రకణాలు చాలావరకు మజ్జలోనే పరిపక్వం కాకుండా నశిస్తాయి. దాత ఎర్రకణాలు నిండుగా నూట ఇరవై రోజులు జీవిస్తాయి. అందువల్ల తెల్లకణాలలో దాత పాలు 20–30 శాతమే ఉన్నా, ఎర్రకణాలలో అధికభాగం దాతవే కావచ్చు. రక్తం ఎక్కించే అవసరం లేకుండా ఏళ్ల తరబడి జీవిస్తున్నవారు ఉన్నారు. అయితే ఇది స్థిరపడిన తరువాతి మాట. మొదటి రెండు మూడు నెలల్లో గ్రహీత పాలు 25 శాతం దాటితే అంటు నిలవని ప్రమాదం బాగా ఎక్కువని ఇటలీలోని పెసారో వైద్యుల అనుభవం.

నా పొరపాటు

నెలకు 92 చూపిన ఆ బాలుడికి మూడవ నెలలో 81 వచ్చింది. తండ్రి నిద్ర కరవైంది. ఆరవ నెలలో 78 వచ్చింది. ఆ సాయంత్రం నేను వారి ఇంటికి వెళ్లాను. అక్కగారు గోడ క్యాలెండరు వెనుక మూడు అంకెలూ రాసి పెట్టుకున్నది. నన్ను చూసి, "అంకుల్, ఫస్ట్ క్లాసే గాని డిస్టింక్షన్ పోయింది. నేను సరిగా ఇవ్వలేదా?" అని అడిగింది. తల్లి ముఖం తిప్పుకున్నది. నాకు నోట మాట రాలేదు. ఆ శాతాన్ని మార్కులతో పోల్చినవాణ్ణి నేనే గదా!

ఒక్క రీడింగును చూసి ధైర్యం చెప్పడమూ, ఒక్క రీడింగును చూసి భయపడటమూ ఒకే పొరపాటు. ముప్ఫయి ఏళ్లుగా బేరింగుల విషయంలో కుర్ర ఇంజనీర్లకు ఈ మాట చెబుతూ, పసిపిల్ల విషయంలో నేనే మరచిపోయాను. ఆమెను కూర్చోబెట్టి ఇలా చెప్పాను: "అమ్మా, నీ పని ఆ రోజే పూర్తయింది. నీవిచ్చిన కణాలు నీ ఇంట్లో ఎంత బాగా పనిచేస్తాయో, తమ్ముడి ఇంట్లోనూ అంత బాగానే పనిచేస్తాయి. ఇంట్లో పాతవాళ్లు కొందరు ఉండిపోయారు. వాళ్లూ వీళ్లూ కలిసి కాపురం చేస్తారా లేదా అన్నదే డాక్టరుగారు చూస్తున్నారు. ఈ అంకె నీకు వేసిన మార్కు కాదు." ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మార్కులని ఎందుకన్నారు?" అన్నది. తప్పు ఒప్పుకోవడం తప్ప నాకు మార్గం లేకపోయింది.

తగ్గుదల ఎక్కడ ఆగుతుందో ఆరవ నెలలో ఎవరూ చెప్పలేకపోయారు. వైద్యులు మందుల మోతాదును జాగ్రత్తగా సవరిస్తూ, తెగలవారీ పరీక్షలు చేస్తూ వేచి చూశారు. ఏడాదికి 79 వచ్చింది. 78కీ 79కీ తేడా ఈ పరికరపు దోషపరిధిలోనిదే, పెరిగిందని సంబరపడనక్కరలేదు. నిలిచింది, అంతే. అదే కావలసింది. రెండవ నెల తరువాత ఆ పిల్లవాడికి రక్తం ఎక్కించలేదు. హిమోగ్లోబిన్ 11 దగ్గర ఉన్నది. అక్క స్వయంగా థలసీమియా వాహకురాలు గనుక ఆమెదీ అంతే. పూర్వపు రక్తమార్పిడుల వల్ల పేరుకున్న ఇనుమును తగ్గించే చికిత్స ఇంకా సాగుతున్నది. ఏటా పరీక్ష కూడా కొనసాగుతుంది.

గుర్తుంచుకోదగిన విషయాలు

ఒకటి. మార్పిడికి ముందే దాత, గ్రహీతల నమూనాలు తీసి భద్రపరచడం తప్పనిసరి. మార్పిడి తరువాత గ్రహీత లాలాజలంలో కూడా దాత తెల్లకణాలు కలుస్తాయి గనుక, అసలు గుర్తు కోసం ఆనక వెతుక్కోవలసి వస్తుంది.

రెండు. వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో పరీక్షలు చేయించుకోవాలి. రెండు వేర్వేరు గేజీల రీడింగులను ఒకే గ్రాఫు మీద గీయం గదా!

మూడు. దాతది వేరే గ్రూపు అయితే గ్రహీత రక్తపు గ్రూపు కొన్ని నెలల్లో మారుతుంది. ఈ బాలుడు బి పాజిటివ్ నుండి ఓ పాజిటివ్ అయ్యాడు. మన మెడికల్ బుక్కులో మాత్రం పాత గ్రూపే ఏడాదిపాటు ఉండిపోయింది! అత్యవసర సమయంలో ఏ రక్తం ఎక్కించాలన్నది మార్పిడి చేసిన కేంద్రం నిర్ణయించవలసిన విషయం. ఆ వివరాల కార్డును ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలి.

నాలుగు. తోబుట్టువుకు హెచ్.ఎల్.ఎ. సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి మాత్రమే. కుటుంబంలో దాత దొరకనివారు అపరిచితుల దయపై ఆధారపడతారు. ఆరోగ్యవంతులైన యువతీయువకులు దాతల రిజిస్ట్రీలలో పేరు నమోదు చేసుకుంటే ఒక ప్రాణం నిలబడవచ్చు.

అయిదు. మేనరికాలు ఇంకా ఉన్న మన సమాజంలో వివాహానికి ముందో, గర్భం దాల్చిన తొలి వారాలలోనో హిమోగ్లోబిన్ ఎ-2 పరీక్ష చేయించుకోవడం మేలు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

చివరగా, దాత అయిన పిల్లల మనసును కూడా పట్టించుకోవాలని తల్లిదండ్రులకు మనవి. అందరి దృష్టీ రోగి మీదనే ఉంటుంది. ఇచ్చిన బిడ్డ మాత్రం గోడ వెనుక లెక్కలు రాసుకుంటూ ఉంటుంది.

మొన్న దసరా సెలవులలో అక్కాతమ్ముళ్లిద్దరూ మా ఇంటికి వచ్చారు. కొత్త క్యాలెండరు వెనుక ఏమైనా రాశావా అని అడిగాను. "తమ్ముడి ఎత్తు రాస్తున్నాను" అన్నది. ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు పెరిగాడట.

వచ్చే సంచికలో మరొక అంశంతో కలుసుకుందాం.